మూడు గుక్కల్లో భీమిలి

రైలు దూరంగా వెళ్లిపోయింది. ఓడ పక్క ఊరికి మళ్లింది. చివరికి మునిసిపాలిటీ బోర్డు కూడా మారింది. ఒకప్పుడు విశాఖతో పోటీపడిన రేవు పట్నం ఇవాళ విశాఖ కార్పొరేషన్‌లో ఓ మూల. అలాగని ఊరు మాత్రం ఒప్పుకోవడం లేదు.

ఆదివారం పొద్దున్నే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో 900కె బస్సు ఎక్కితే కుడివైపు కిటికీ దొరకడం కష్టం. అటువైపే సముద్రం. అప్పుఘర్ దాటాక అది మొదలవుతుంది, ఇక చివరి స్టాపు దాకా వెంట వస్తూనే ఉంటుంది. సెల్‌ఫోన్లు పట్టుకున్న కాలేజీ పిల్లలు రుషికొండలో బిలబిలమని దిగిపోతారు. మంగమారిపేట దగ్గర వలలు ఆరేసి ఉంటాయి. ఆ తర్వాత బస్సులో మిగిలేది ఖాళీ చేపల గంపలతో ఇంటికి తిరిగొచ్చే ఆడవాళ్లు, పట్నంలో చుట్టపుచూపు ముగించుకున్న ముసలివాళ్లు, మందుల సంచులు ఒళ్లో పెట్టుకున్నవాళ్లు. ఎర్రమట్టి దిబ్బలు వెనక్కి పోతాయి. రోడ్డు చిన్న మలుపు తిరుగుతుంది. కొండ కింద పెంకుటిళ్లు, తెల్లటి దీపస్తంభం, గోస్తని నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేట. కండక్టరు విజిల్ వేస్తాడు. భీమిలి వచ్చేసింది.

కాగితం ప్రకారం ఈ బస్సు నగరం దాటి ఎక్కడికీ రాలేదు. ఎక్కిన చోటూ దిగిన చోటూ మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలోనివే. రెండు చోట్లా ఇంటి పన్ను ఒకే ఖజానాకు కడతారు. కానీ తిరుగు బస్సు కోసం నిలబడినవాళ్లను ఎక్కడికమ్మా అని అడిగి చూడండి. వచ్చే జవాబు ఒకటే: ‘వైజాగ్ ఎల్లొస్తాం.’

నగరంలోనే ఉన్నవాళ్లు నగరానికి ‘వెళ్లి రావడం’ ఏమిటి? ఈ చిన్న మాటలో దాదాపు నూట ముప్పై ఏళ్ల కథ ఉంది.

భూముల మాట

ఈ మధ్య విశాఖలో ఇద్దరు కలిస్తే మాట ఉత్తరం వైపు భూముల మీదికి మళ్లుతోంది. గోస్తనికి అవతల, విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో అంతర్జాతీయ విమానాశ్రయం. ఇవతల ఆనందపురం మండలం తర్లువాడలో గూగుల్ డేటా సెంటర్. 2025 అక్టోబరులో ఆ సంస్థ విశాఖకు ప్రకటించిన పెట్టుబడి ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు. ఈ రెండింటికీ నడుమ, సముద్రం ఒడ్డున ఉన్న పాత ఊరు భీమిలి. దాంతో ఒకప్పుడు సరుగుడు తోటలు, జీడిమామిడి తోటలు ఉన్న చోట ఇప్పుడు లేఅవుట్ల రంగు జెండాలు ఎగురుతున్నాయి.

స్థలాల ప్రకటనల్లో భీమిలి పేరు ఎప్పుడూ ఒక దూరంగానే కనబడుతుంది. ‘భీమిలికి పది నిమిషాలు’, ‘భీమిలి బీచ్‌కు ఆనుకొని’. ఆ ఊరేమిటో, అది ఎందుకంత పాతదో, ఎందుకంత చిన్నగా ఉండిపోయిందో ఆ కరపత్రాలకు అక్కర్లేదు.

వలందులు వచ్చిన రేవు

ఊరి వెనక పావురాళ్లకొండ ఎక్కితే మొత్తం చరిత్ర ఒక్క చూపులో కనబడుతుంది. కొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు, ఇటుకల పునాదులు ఉన్నాయి. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ భిక్షువుల నివాసాలవి. బావికొండ, తొట్లకొండ, పావురాళ్లకొండ ఈ తీరంలో ఒకే వరసలోవి. భిక్షువులు ఊరికే వచ్చి కొండలెక్కలేదు. కింద ఓడలు ఆగే చోటు ఉంది, ఓడలతో వర్తకులు వచ్చారు, వర్తకులు ఉన్నచోట భిక్ష దొరికింది. అదే కొండ మీద నరసింహస్వామి గుడి. ఊరి పేరు భీముడి నుంచి వచ్చిందని, బకాసురుణ్ని చంపింది ఇక్కడేనని ఇక్కడివాళ్ల నమ్మకం. బకాసురుడు మా ఊళ్లోనే చచ్చాడని చెప్పే ఊళ్లు దేశంలో ఇంకా చాలా ఉన్నాయి గానీ, పేరులోనే భీముణ్ని పెట్టుకున్నవి తక్కువ.

17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వచ్చారు. అప్పటి తెలుగువాళ్లు వాళ్లను వలందులన్నారు, హాలండు వాళ్లు కాబట్టి. మచిలీపట్నంలో వలందపాలెం అన్న పేరు ఇప్పటికీ ఉంది. కోరమండల్ తీరంలో పులికాట్ నుంచి మచిలీపట్నం, నరసాపురం, పాలకొల్లు, కాకినాడ పక్క జగన్నాథపురం మీదుగా సాగిన వాళ్ల కోఠీల వరసలో ఉత్తరపు కొసన ఉన్నది భీమునిపట్నం, అంటే ఈ భీమిలే. బట్టలు కొన్నారు, ధాన్యం కొన్నారు, ఓడలకెత్తారు. కొందరు తిరిగి వెళ్లలేదు. వాళ్ల సమాధులు ఊళ్లోనే ఉన్నాయి, కోసుగా పైకి లేచిన గోపురాల్లా. పలకల మీద డచ్చి అక్షరాలు. దూరం నుంచి చూస్తే చిన్న చిన్న గుళ్ల గుంపు అనుకుంటారు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో వాటి నీడన మేకలు పడుకుంటాయి.

కోఠీ బతుకు సుఖంగా సాగలేదు. 1754లో మరాఠా దళాలు దాన్ని దోచాయి. 1781లో యూరప్‌లో ఇంగ్లండుకూ హాలండుకూ యుద్ధం వస్తే దాని సెగ ఇక్కడికి తగిలి, ఇంగ్లిషువాళ్లు కోఠీని పట్టుకున్నారు. తర్వాత తిరిగి ఇచ్చారు, మళ్లీ తీసుకున్నారు, మళ్లీ ఇచ్చారు. నెపోలియన్ ఎక్కడ గెలిచాడు, ఎక్కడ ఓడాడు అన్నదాన్ని బట్టి భీమిలిలో జెండా మారేది. చివరికి 1824లో లండన్‌లో కుదిరిన ఒప్పందంతో పేచీ తీరింది. హిందూస్థానంలోని తమ స్థావరాలన్నీ డచ్చివాళ్లు ఇంగ్లిషువాళ్లకు వదిలేశారు, బదులుగా సుమత్రాలోని బెంకూలెన్‌ను తీసుకున్నారు. 1825లో భీమిలి చేతులు మారింది. ఎక్కడో ఉన్న ఇద్దరు కూర్చుని సంతకాలు చేస్తే ఊరి ఏలిక మారిపోవడం భీమిలికి అప్పుడే అలవాటు.

ఊరు తన్ను తాను ఏలుకున్న వేళ

19వ శతాబ్దం భీమిలికి మంచి కాలం. విజయనగరం సంస్థానపు పంటలన్నీ ఎద్దుబండ్ల మీద ఈ రేవుకే దిగేవి. నువ్వులు, ఆముదాలు, నీలిమందు, కరక్కాయలు, తోళ్లు, బెల్లం, అన్నిటికీ మించి గోగునార. గిడ్డంగులు లేచాయి. ఇంగ్లిషు కంపెనీల ఏజెంట్లు సముద్రం వైపు బంగళాలు కట్టుకున్నారు. చర్చి, గడియార స్తంభం, ఓడలకు దారి చూపే దీపం వచ్చాయి.

అప్పుడే, 1861లో, ఇక్కడ పురపాలక సంఘం పుట్టింది. ఆ రోజుల్లో మునిసిపాలిటీ పైనుంచి ఊడిపడేది కాదు. 1850 నాటి చట్టం ప్రకారం ఊరివాళ్లే ముందుకొచ్చి, మా వీధులు మేం బాగుచేసుకుంటాం, అందుకు పన్ను మేమే వేసుకుంటాం అని అడగాలి. పన్ను వేయించుకోవడానికి జనం ముందుకు రావడమా అని ఇవాళ నవ్వు రావచ్చు. భీమిలి వర్తకులు వచ్చారు. సరుకు బండి బురదలో కూరుకుపోతే నష్టం తమదేనని వాళ్లకు తెలుసు. ఆ తర్వాత 1865 నాటి మద్రాసు పట్టణాల అభివృద్ధి చట్టం వచ్చాక అది పూర్తి స్థాయి మునిసిపాలిటీగా స్థిరపడింది.

దేశంలో రెండో పాత మునిసిపాలిటీ మాదే అని భీమిలివాళ్లు చెప్పుకుంటారు. ఈ రెండో స్థానం మీద పేచీ పెట్టగల ఊళ్లు ఇంకొన్ని లేకపోలేదు. ఆ వాదన ఎటు తేలినా, విశాఖపట్నం కార్పొరేషన్ అయింది 1979లో. దానికి నూట పద్దెనిమిదేళ్ల ముందే భీమిలి తన చెత్త తాను ఎత్తుకుంటోంది, తన వీధిదీపాలు తాను వెలిగించుకుంటోంది.

> నార పేరులో నిలిచిన ఊరు
>
> వృక్షశాస్త్ర పుస్తకాల్లో ‘బిమ్లిపటం జ్యూట్’ అన్న పేరు ఇప్పటికీ కనబడుతుంది. బెంగాల్ జనపనారకు పోటీగా లండన్ బజారులో అమ్ముడుపోయిన గోగునార అది. గోంగూరకు అక్కచెల్లెలు లాంటి మొక్క. ఆకు పులుసులోకి, కాండం నారకి. కోసిన కట్టలను చెరువుల్లో ఊరబెట్టి, బెరడు వలిచి, ఉతికి ఆరబెడితే నార చేతికొస్తుంది. ఊరబెట్టిన చెరువు వాసన కోసుదూరం కొట్టేది. ఆ నార మొక్క ఆఫ్రికా నుంచి అమెరికా దాకా చాలా చోట్ల పండుతుంది. ఎక్కడ పండినా దానికున్న పేర్లలో ఒకటి మాత్రం మన భీమిలిదే.

పడవ మీద పట్నం

భీమిలి రేవు అంటే ఇప్పటి హార్బరులా ఊహించుకోకూడదు. గోడలు లేవు, గట్టు లేదు. ఓడ సముద్రంలోనే లంగరు వేసేది. ఒడ్డుకూ ఓడకూ నడుమ మసూలా పడవలు తిరిగేవి. మేకులు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన పడవలవి. అల వచ్చి కొడితే మేకులు దిగ్గొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది. నడిపేవాళ్లు జాలరులు. సరుకు తడవకుండా, మనిషి మునగకుండా కరకెరటాలు దాటించడం వాళ్లకు మాత్రమే తెలిసిన విద్య. కంపెనీ దొర ఎంత గొప్పవాడైనా ఆ నాలుగు అలలు దాటేదాకా జాలరి చేతిలో ప్రాణం పెట్టి కూర్చోవలసిందే.

అవే పడవలు మనుషుల్నీ మోశాయి. కరువు వస్తే ఉత్తరాంధ్ర కూలీకి ఒకటే దారి కనబడేది, రంగం. అంటే రంగూను. గోపాలపురం, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో ఆగుతూ వెళ్లే స్టీమరు డెక్కు మీద వేలమంది బర్మా వెళ్లారు. వరి కోతలకు, బియ్యం మిల్లులకు, రంగూను ఓడరేవులో మూటలు మోయడానికి. కొందరు డబ్బు తెచ్చారు, కొందరు జబ్బు తెచ్చారు, కొందరు తిరిగి రానేలేదు. 1942లో జపాను సేన బర్మాలోకి వచ్చినప్పుడు మిగిలినవాళ్లు కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారు. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు ఆ బతుకుల ఆనవాలే. భీమిలి ఒడ్డున మాత్రం ఆ ప్రయాణాలను గుర్తుచేసే రాయి ఒక్కటీ లేదు. డచ్చి వర్తకుడికి గోపురం దక్కింది, రంగం వెళ్లిన కూలీకి పేరు కూడా దక్కలేదు.

మొదటి గుక్క: రైలు

1890ల్లో ఈస్ట్ కోస్ట్ రైల్వే పట్టాలు పడ్డాయి. మద్రాసును కలకత్తాతో కలిపే ఆ దారి వాల్తేరు వచ్చింది, సింహాచలం కొండల వెనకగా కొత్తవలస మీదుగా విజయనగరం వెళ్లిపోయింది. భీమిలి పక్కన పడిపోయింది. అంతవరకూ విజయనగరం సరుకుకు సముద్రమే దగ్గరి దారి. పట్టాలు పడ్డ మర్నాటి నుంచి గింజల మూట రైలెక్కి ఎటైనా పోగలదు. భీమిలి వర్తకుడు రైలు పట్టుకోవాలంటే మాత్రం విజయనగరం దాకా బండి కట్టాలి.

ఊరు ఒక్కసారిగా కూలిపోలేదు. 1901 జనాభా లెక్కల్లో భీమిలిలో పదివేల చిల్లర మంది ఉన్నారు, విశాఖలో నలభై వేల పైచిలుకు. జనంలో చిన్నదైనా సరుకులో చిన్నది కాదు. జిల్లా వర్తకంలో అప్పటికీ భీమిలికి పెద్దపీటే. కానీ పెరుగుదల ఆగింది. స్టేషను ఉన్న ఊరికి ఆఫీసులు వస్తాయి, ఆఫీసులు ఉన్నచోటికి ఉద్యోగులు, ఉద్యోగుల వెనక బడులు, బడుల వెనక కాలేజీలు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు కొండ మీద స్థిరపడింది. ఆ వాల్తేరూ ఒకప్పుడు వేరే ఊరే. విశాఖలో ఎంతగా కరిగిపోయిందంటే, 1987లో రైల్వే స్టేషన్ పేరు కూడా విశాఖపట్నం అయిపోయింది.

రెండో గుక్క: హార్బరు

దెబ్బ తగిలింది మాత్రం 1933లో. విశాఖలో మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసేచోట పెద్ద చిత్తడి నేల ఉండేది. డాల్ఫిన్స్ నోస్ కొండ దానికి సహజమైన గోడ. ఆ బురదను తవ్వి లోపలికి ఓడలను తేవచ్చని ఇంజినీర్లు తేల్చారు. 1927లో పని మొదలైంది. అలల తాకిడి ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట కట్టారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అన్న ఓడ కొత్త హార్బరులోకి వచ్చింది. ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. అప్పటికే రాయపూర్ – విజయనగరం రైలు మార్గం పూర్తయింది. మధ్య పరగణాల మాంగనీసు నేరుగా విశాఖ గట్టు మీదికి దిగసాగింది.

ఓడకు గట్టు దొరికాక మసూలా పడవతో పనేముంది? కెరటాల మీద మూట తడిపే రేవుకు ఏ ఓడ వస్తుంది? భీమిలి గిడ్డంగులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. కొన్ని ఏళ్లపాటు చిల్లర సరుకుతో రేవు పేరు నిలబడింది, ఆపైన అదీ పోయింది. ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడికి ఇంట్లోనే బావి పడితే రెండోవాడి నీళ్ల బేరం ఏమవుతుందో అదే అయింది.

అక్కడి నుంచి విశాఖ పరుగు అందరికీ తెలిసిందే. ఓడల నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, నౌకాదళం, ఉక్కు. ఆ పరుగులో భీమిలి నిద్రపోయిన ఊరు అనిపించుకుంది.

నిద్రపోలేదు, నెమ్మదించింది. రేవు పోయినా బడి మిగిలింది. జిల్లాలో టీచరు కావాలనుకున్న ఎంతోమందికి ‘భీమిలి ట్రైనింగ్’ అంటే బతుకు మలుపు. గోస్తని ఒడ్డున చిట్టివలస జూట్ మిల్లు సైరను మోగుతుండేది. మూడు షిఫ్టుల సైరన్లను బట్టి ఇళ్లలో అన్నాలు వార్చుకునేవారు. గోగునార రేవు దాటకపోయినా గోనె సంచిగా మారి దేశమంతా తిరిగింది. 2009లో ఆ మిల్లుకు లాకౌట్ పడింది. రేవు మూతపడటం తాతల కాలపు సంగతి. మిల్లు మూతపడటం మాత్రం ఇప్పుడు యాభైలు, అరవైలు దాటిన మనుషుల కథ. షిఫ్టు ఎక్కినవాళ్లు ఆటో ఎక్కారు, కొందరు విశాఖలో కాపలా ఉద్యోగాలకు కుదిరారు, పిల్లలు మధురవాడ, గాజువాక వైపు పనులు వెతుక్కున్నారు. 900కె బస్సులో పొద్దున్న అటు, రాత్రి ఇటు తిరిగేది చాలావరకు ఆ తరం పిల్లలే.

మూడో గుక్క: కాగితం

2005 నవంబరులో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడింది. గాజువాక మునిసిపాలిటీ, 32 గ్రామాలు అందులో కలిశాయి. నగరం పొలిమేర ఒక్కసారిగా భీమిలి వైపు జరిగింది. 2011 నాటికి భీమిలి పురపాలక సంఘానికి 150 ఏళ్లు నిండాయి. ఆ తర్వాత రెండేళ్లకే, 2013 జూలైలో, అనకాపల్లితోపాటు భీమిలినీ విశాఖలో కలుపుతూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. విలీనం కొన్ని పంచాయతీల విషయంలో కోర్టు గడపెక్కింది, చిక్కులు తేలడానికి ఏళ్లు పట్టింది. 2021 మార్చిలో కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి, అదీ 2007 తర్వాత మళ్లీ అప్పుడే. మొత్తం 98 వార్డులు. భీమిలివాళ్లు వాటిలో కొన్నింటికి ఓటేశారు.

విలీనం వల్ల లాభం లేదనలేం. చిన్న మునిసిపాలిటీకి డబ్బు ఎప్పుడూ తక్కువే. పెద్ద సంస్థకు యంత్రాలున్నాయి, ఇంజినీర్లున్నారు, అప్పు పుడుతుంది. తుపాను వచ్చిన మర్నాడు రోడ్డుకు అడ్డం పడిన చెట్టు తీయడానికి ఆ తేడా తెలుస్తుంది.

పోయిందేమిటో చెప్పాలంటే దూరం లెక్క చూడాలి. కాలువ పూడిందనో, దీపం వెలగలేదనో ఇదివరకు చైర్మన్ ఇంటిముందు నిలబడేవారు. ఆయన మొహం చాటేయడానికి ఊళ్లో చోటే ఉండేది కాదు, సాయంత్రం గడియార స్తంభం దగ్గర ఎదురుపడేవాడు. ఇప్పుడు ఊళ్లో ఉన్నది జోనల్ ఆఫీసు. నిర్ణయం జరిగే కౌన్సిల్ హాలు ముప్పై కిలోమీటర్ల దూరంలో. అక్కడ దాదాపు 680 చదరపు కిలోమీటర్ల నగరం గురించి మాట్లాడతారు. 98 మందిలో భీమిలి గొంతు ఎంత? 1861లో వర్తకులు అడిగి తెచ్చుకున్నది రోడ్లూ దీపాలూ మాత్రమే కాదు, వాటి గురించి తామే తేల్చుకునే హక్కు కూడా. రోడ్లూ దీపాలూ మెరుగైతే అయి ఉండవచ్చు. హక్కు మాత్రం బస్సెక్కి వెళ్లిపోయింది.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు భీమునిపట్నం పేరుతో కొత్త రెవెన్యూ డివిజన్ వచ్చింది. మునిసిపాలిటీ పోయిన ఊరికి ఆర్డీవో వచ్చాడు. భూమి దస్త్రాలకు ఊరు పెద్దది, వీధి కుళాయికి మాత్రం ఊరు ఒక జోను.

> తోటి ఊళ్లు, వేరే కథలు
>
> గాజువాక: భీమిలిలా ఇది రేవు పోగొట్టుకున్న ఊరు కాదు, ఉక్కు పెంచిన ఊరు. 1966 నాటి ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. చుట్టుపక్కల పదుల గ్రామాలు భూములిచ్చాయి. ఊళ్లు కదిలిన జనం, ఉద్యోగాలకు వచ్చిన జనం కలిసి గాజువాకను పట్నం చేశారు. 2005లో అది నగరంలో కలిసినప్పుడు పెద్దగా ఎవరూ కన్నీళ్లు పెట్టలేదు.
>
> అనకాపల్లి: బెల్లం బజారు ఊరు. 2013 ఉత్తర్వుతో విశాఖ కార్పొరేషన్‌లో చేరింది. 2022లో జిల్లా కేంద్రమైంది. కలెక్టరు సొంత జిల్లాకు, చెత్తబండి పక్క జిల్లా నగరానికి. ఇలాంటి జిల్లా కేంద్రాలు వెతికినా దొరకవు.

మింగాక అరగాలి కదా

నగరం ఊరిని కలుపుకున్నాక ఆ ఊరి మట్టిని కూడా చూసుకోవాలి. భీమిలికి ఇవతల ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. వేల ఏళ్లపాటు గాలి, సముద్రం, వాన కలిసి పేర్చిన ఎర్ర ఇసుక గుట్టలు. వాన నీరు కోసిన లోయల్లో నడిస్తే తలెత్తినా ఆకాశం సన్నటి గీతలా కనబడుతుంది. భూగర్భ సర్వే సంస్థ వాటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2024లో వాటి పక్కనే యంత్రాలతో మట్టి తవ్వుతున్నారని బయటపడి గగ్గోలు పుట్టింది. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఒక ఏడు పొక్లెయిన్, మరో ఏడు యునెస్కో. సెంటు భూమి విలువ ఇంతలా పెరిగిన చోట మట్టి మట్టిగా మిగలడం తేలిక కాదు.

బీచ్ సంగతీ అంతే. అదే 2024లో భీమిలి తీరంలో ఇసుక మీద లేపిన కాంక్రీటు గోడను హైకోర్టు ఆదేశాలతో కార్పొరేషన్ సిబ్బందే కూల్చవలసి వచ్చింది. జాలరికి ఇసుక అంటే పడవ లాగే చోటు, వల ఆరేసే చోటు, చేప ఎండేసే చోటు. అతని దగ్గర ఆ చోటుకు పట్టా ఉండదు, తాతముత్తాతల అలవాటు ఉంటుంది. లేఅవుట్ పటంలో అలవాటుకు గళ్లు గీయరు. మసూలా పడవలతో ఊరికి సంపద మోసుకొచ్చినవాళ్ల మనవలు ఇవాళ ఫైబర్ పడవ ఎక్కడ నిలపాలా అని వెతుక్కుంటున్నారు.

పాత ఊళ్లో పెంకుటిళ్లు తగ్గిపోతున్నాయి. ఎత్తు అరుగులు, రంగూను టేకు దూలాలు ఉన్న ఇళ్లు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లవుతున్నాయి. సినిమావాళ్లు మాత్రం ఇంకా వస్తున్నారు. 2010లో వచ్చిన ‘భీమిలి కబడ్డీ జట్టు’తో ఊరి పేరు సినిమా పోస్టరుకెక్కింది. పాత వీధి, పాత గోడ, వెనక సముద్రం కావాలంటే కెమెరాకు భీమిలి కన్నా దగ్గరి దారి లేదు. అదే గోడను కూలకుండా నిలబెట్టే పద్దు మాత్రం ఎవరి లెక్కల్లోనూ కనబడదు.

డచ్చి సమాధుల పలకల మీద అక్షరాలు ఉప్పుగాలికి ఏటేటా అరుగుతున్నాయి. అవి రాతివి కాబట్టి ఇంకొన్నాళ్లు ఉంటాయి. కాగితం అంత కాలం నిలవదు. నూట యాభై ఏళ్ల పురపాలక సంఘం అంటే తీర్మానాల పుస్తకాలు, పన్నుల రిజిస్టర్లు, జనన మరణాల లెక్కలు, కలరా వచ్చిన ఏడు ఎవరింటికి సున్నం వేశారో రాసుకున్న చిట్టాలు. అలాంటివి ఏ బీరువాలో ఎంత మిగిలితే అంతా వెతికి తీసి, ఫొటోలు తీయించి, జాలరి పేట పెద్దలూ మిల్లు కార్మికులూ చెప్పే సంగతులు పక్కన రాయించి, గడియార స్తంభానికి దగ్గరలో ఒక గదిలో పెట్టాలి. వేల కోట్ల పెట్టుబడుల గురించి మాట్లాడే నగరానికి ఒక్క గది ఖర్చు పెద్దది కాదు. నగరపాలక సంస్థ సమావేశంలో ఎవరైనా ఒకరు ఈ తీర్మానం పెడితే చాలు.